ఎర్ర గీతల ఫైలు

మట్టి మీద పరిశోధన చేస్తోందని యూనివర్సిటీలోని ఆ పరిశోధకుల గదిలో అందరూ ఆమెను మట్టక్క అనేవారు. థీసిస్ ఏ సాఫ్ట్‌వేర్‌లో రాయాలన్నది అక్కడ కుర్చీయే తేల్చేది. పక్క కుర్చీలోని సీనియర్‌కి ఏది వస్తే అదే. ఆరేళ్ళ కిందట మట్టక్కకు కిటికీ పక్క కుర్చీ దొరికింది.

“లేటెక్‌లో రాసుకో. పటాలు అప్పుడప్పుడూ అలిగి పక్క పేజీకి పోతాయి గానీ, మిగతాదంతా అదే సర్దుకుంటుంది” అన్నాడు పక్క కుర్చీలోని సీనియర్. తన పని మానుకుని మరీ ఓపిగ్గా నేర్పాడు, మహానుభావుడు. ఆ పైన ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడు.

ఆమె పరిశోధనకు గైడైన మాస్టారికి వర్డ్ తప్ప మరొకటి రాదు. అందుకని ఆమె ఒక్కో అధ్యాయాన్నీ వర్డ్‌లోకి మార్చి ఇచ్చేది. ఆయన ఆ ఫైల్లోనే ఎర్ర గీతలతో దిద్దేవారు. ఆ దిద్దుబాట్లన్నీ ఆమె మళ్ళీ లేటెక్‌లో ఎక్కించుకునేది. ఈసారి కంటి ఆపరేషనయ్యాక కూడా ఆయన గదికొచ్చి, భూతద్దం పట్టుకుని, నలభై రోజులు ఆమె కంప్యూటరు ముందే కూర్చుని, ఒకే ఫైల్లో రెండువందల పేజీలూ దిద్దారు.

సోమవారం ఉదయం ఆమె ఒక పట్టిక సరిచేసి, అలవాటు కొద్దీ మళ్ళీ వర్డ్‌లోకి మార్చింది. అదే పేరు. పాత ఫైలు తీసేయమంటావా అని కంప్యూటరు అడిగింది. చెయ్యి అవునని నొక్కేసింది. ఎర్ర గీతల ఫైలు పోయింది. ఆమె దాన్ని ఇంకా తెరిచి చూడనైనా లేదు. వెతకగలిగిన వాళ్ళంతా వెతికారు, దొరకలేదు. థీసిస్ ఇవ్వడానికి శుక్రవారం ఆఖరి గడువు. రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. దిద్దుబాట్లు చేరితే గానీ మాస్టారు సంతకం పెట్టరు, ఆ సంతకం లేకపోతే ఆరేళ్ళూ గంగపాలే.

మధ్యాహ్నం ఆయన ఇంటికెళ్ళింది.

“మాస్టారూ, మీ దిద్దుబాట్లు పోయాయండీ. నేనే పోగొట్టాను.”

“మొత్తమా తల్లీ?”

“మొత్తం.”

“మూడో అధ్యాయంలో ‘బాగుంది’ అని కూడా రాశానే” అన్నారాయన. “ఇక నా కళ్ళవల్ల కాదమ్మా. నువ్వు చదువు, వింటాను.”

“ముందు టీ తాగనివ్వండి దాన్ని” అంది మాస్టారి భార్య. “ఏడుస్తూ చదివితే మీకేం అర్థమవుతుంది?”

సాయంత్రానికి పద్నాలుగు పేజీలయ్యాయి. దేవుడు దయగలవాడే గానీ, శుక్రవారం ఎవరి కోసమూ ఆగదు. తలెత్తి చూస్తే మాస్టారు కుర్చీలోనే నిద్రపోయారు. మట్టక్క చదవడం ఆపేసింది.

మాస్టారి భార్య ఆయన కాళ్ళమీద దుప్పటి కప్పి, పక్కన పీట వేసుకుని కూర్చుంది.

“ఆపకు తల్లీ. నాకేం తెలియదనుకో, అయినా వింటున్నాగా.”

మట్టక్క పదిహేనో పేజీ తిప్పింది.