గంగాళం మీది పేరు

ఎనభైల్లో నేను తమిళనాడు ధర్మపురిలో ఒక ప్రెస్సుకు పెళ్లిపత్రికల మీద పేర్లు గీసిచ్చేవాణ్ణి. మామూలు అచ్చు అక్షరాలు కావు, అలంకారం అక్షరాలు. ఒక్కటీ నా సొంతం కాదు. తీగలు చుట్టుకున్న అక్షరం పాత అగ్గిపెట్టె బొమ్మలోంచి, నీడ పడ్డ అక్షరం సోడా కంపెనీ రేకు బోర్డులోంచి ఎత్తుకొచ్చినవే. అన్నీ తమిళమే. మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు.

అక్క పెళ్లి కుదిరాక అవ్వ పట్టు పట్టింది. "పత్రికలో పేరన్నా మన బాసలో ఉండాల్రా. మా అమ్మ పేరే గదా దానికి పెట్టినాము. ఆ పేరు నా గంగాళం మీద కొట్టి ఉండాది, చూసి రాయి."

అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం అది. అంచు మీద ఉలితో చుక్క చుక్కగా కొట్టిన పేరు. పల్చని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే చుక్కలన్నీ తేలాయి. వాటిని కలిపి గీతలు చేయబుద్ధి కాలేదు. చుక్కల్ని చుక్కలుగానే సిరాతో దిద్ది, అచ్చుకు లోహపు బ్లాకు చేయించడానికి సేలం పంపాను. అంత అందమైన అక్షరాలు ఎప్పుడూ గీయలేదని పొంగిపోయాను.

పత్రికలు అచ్చయి వచ్చిన రోజు అమ్మ గంగాళం తోముతూ అంది. "ఇది మనదేనా? నల్లంపల్లి కల్యాణానికి ఇచ్చినప్పుడు మారిపోయిందేమోనని నాకు అనుమానమే."

మారి వచ్చిందే అయితే పత్రిక మీద ఉన్నది ఎవరి పేరు? అవ్వను అడిగితే, "ఇత్తడంతా ఒకే మాదిరి ఉంటాది, నాకేం తెలుసురా," అంది. బయట ఎవరితోనైనా చదివించుకోవచ్చు. కానీ చదవడం రానివాడు అక్క పేరు గీశాడని ఊరంతా నవ్వుతుందని సిగ్గు. మూడు రోజులు పత్రికల కట్ట విప్పి చూస్తూనే ఉన్నాను. చూసినకొద్దీ ఆ చుక్కలు ఎవరో పరాయి ఆడమనిషి పేరులాగే కనిపించాయి. అక్క మొహం చూడలేకపోయాను.

నాలుగో రోజు పొద్దున పెళ్లికొడుకు తండ్రి పత్రికలు తీసుకుపోవడానికి కుప్పం నుంచి వచ్చాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు. పత్రిక చేతికిచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు.

"పేరు చదవండి మామా," అన్నాను.

ఆయన పెద్దగా చదివాడు.

వంటింట్లోంచి అక్క, "ఆ, వస్తా ఉండా మామా," అంది.