అడుగున తవుడు, పైన రాగిపిండి

మా చిన్నప్పుడు... పొద్దుగూకేసరికి అమ్మ సంగటికి ఎసరు పెట్టేది. పిండి ఎసట్లో వెయ్యకముందే ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న చిన్న మట్టి గురిగిలో వేసేది. అది దేవుని గురిగి. పుంగనూరుకూ సదుంకూ మధ్య ఉన్న మా పల్లెలో, క్రైస్తవుల ఇళ్లన్నిటిలోనూ అలాంటిది ఒకటి ఉండేది.

ఆదివారం ఆ గురిగులన్నీ మందిరానికి చేరేవి. ముందర ఒక దుప్పటి పరిచేవాళ్లు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బోర్లించేవాళ్లు... ఒక పక్క రాగిపిండి, ఒక పక్క కొర్రలు, ఇంకో పక్క ఉలవలు. ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అదంతా వాళ్లింటికి వెళ్లేది.

ఆ ఏడు వానల్లేవు. నాన్న కుప్పం దగ్గర రాళ్ల క్వారీలో పనికి పోయి, బండ జారి కాలు విరిగి, మదనపల్లెలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అమ్మ ఇటుకల బట్టీకి పోతోంది. అయినా రోజూ ఆ పిడికెడు మాత్రం తీస్తూనే ఉంది!

నేను ఊరుకునే రకం కాదు. తొమ్మిదేళ్లప్పుడూ కాదు.

"మనకే సాలడం లేదు గదమ్మా, దేవునికి యాల?"

"దేవుడు సంగటి తింటాడా మే? ఆకలైనోళ్లు తింటారు."

"మనకూ ఆకలైతాంది గదా?"

"ఆకలి తెలిసినోళ్లే గదా ఎయ్యాల్సింది!"

ఆ జవాబు నాకు నచ్చలేదు. శనివారం అమ్మ బట్టీలో ఉండగా చెల్లెలు సారా ఆకలికి ఒకటే ఏడుపు. గురిగి దించాను. పిండి తీసి అంబలి కాచాను. అది తాగింది, మిగిలింది నేను తాగాను... ఆ తర్వాత పుట్టింది భయం.

కొట్టంలో వట్టిపోయిన మా పొట్టి ఆవు ఉంది. ఇప్పుడు జనం ఇళ్లలో పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారే, ఆ పుంగనూరు ఆవే. దాని తవుడు తెచ్చి గురిగి నింపి, పైన, కాచగా మిగిలిన రాగిపిండి రెండు వేళ్ల మందం పరిచాను. భలే తెలివి అనుకున్నాను. బోర్లిస్తే అడుగున ఉన్నది పైకొస్తుందని మాత్రం తట్టలేదు.

ఆదివారం వచ్చింది. అంత కరువులోనూ మా మందిరం ఎంత బాగుండేదో! వాన లేకపోయినా తంగేడు పూస్తుంది కదా... ఆడవాళ్లు చేతుల నిండా కోసుకొచ్చి సున్నం గోడల పొడుగునా కట్టేవాళ్లు. పాట ఎత్తుకుంటే ఇటుకలు మోసి పగిలిన చేతులే తాళం వేసేవి. ఆ గంటసేపు ఎవరూ కూలీలు కారు, ఎవరూ బీదలు కారు.

అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థిస్తూ గురిగి బోర్లించింది. పిండి కుప్ప మీద కొట్టొచ్చినట్టు తవుడు!

కుప్ప దగ్గర కూర్చున్నది సంఘంలో పెద్దావిడ, సుగుణమ్మ అవ్వ. తవుడు చూసింది. నన్ను చూసింది. నేను పైకప్పు రేకులు చూశాను. అవ్వ చెయ్యి పెట్టి తవుడంతా పిండిలో కలిపేసి, గట్టిగా "ఆమేన్!" అంది.

ఆరాధన అయ్యాక పిండి మొత్తం అమ్మ ముందుకు జరిపింది.

"రూతమ్మా, ఈ వారం మీ ఇంటికి."

అమ్మ ముఖం మాడిపోయింది. "వద్దవ్వా. నేను ఏసేదాన్నే గానీ తీసుకునేదాన్ని గాదు."

ఇంట్లో డబ్బా ఊడ్చినా పిండి లేదు.

"అట్లనా? ఇన్నేళ్లు నువ్వేసింది తిన్నోళ్లందురూ నీకంటే తక్కువోళ్లని ఏసినావా మే?"

అమ్మ కొంగు పట్టింది.

బయటికొస్తుంటే అవ్వ నా చెవిలో అంది: "తవుడు జల్లించుకోమని మీయమ్మకు నువ్వే సెప్పు."

చెప్పాను. వీపు పగులుతుందనుకున్నాను. అమ్మ జల్లెడలో మిగిలిన తవుడు చూసింది... పగలబడి నవ్వింది!

"దేవునికి తవుడు పెట్టినావా మే! పోనీలే, ఆయప్ప పుట్టిందే పశువుల పాకలో, అలవాటే!"

నాన్న మంచాన పడిన తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు. నాన్న కుంటుకుంటూ ఇల్లు చేరేదాకా ఇంకో రెండుసార్లు కొంగు పట్టింది. గురిగిలో పిడికెడు మాత్రం ఏ రోజూ మానలేదు.

మొన్న ఒకాయన ఇక్కడే పోస్టు రాశాడు... మావాళ్లు తిండి కోసం మతం మారినవాళ్లని. ఇదివరకైతే "మేం ఇచ్చినవాళ్లం, తీసుకున్నవాళ్లం కాదు" అని పోట్లాడేదాన్ని. ఇప్పుడు అనను. అది కూడా పొగరే. అవునయ్యా, తీసుకున్నాం. తిన్నాం. మాలాంటి కూలీలే వాళ్ల కడుపు మాడ్చుకుని పెట్టిన పిండి అది. ఆకలైనవాడు తిన్నందుకు సిగ్గుపడాలా? వాడికి పెట్టనివాళ్లు పడాలా?

మావాళ్లనూ వదలను. పోయిన నెల ఊరికి వెళ్లాను. మందిరానికి స్లాబు పడింది, ఏసీ పెట్టారు, పెద్ద తెర వచ్చింది. దుప్పటి లేదు. గోడకు క్యూఆర్ కోడ్ ఉంది. డబ్బు చేరుతుంది, కాదనను. కానీ పక్కింట్లో పొయ్యి వెలగలేదని దానికెలా తెలుస్తుంది? ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఉలవలు, కొర్రలు కుప్ప పోసుకునే ఆ అందం... ఏ తెర మీదా కనపడలేదు.

మీది ఏ మతమైనా సరే, మీ ఇంట్లో ఎవరి కోసం ఏం తీసి పక్కన పెట్టేవాళ్లు? కింద రాయండి. నన్ను తిట్టాలనుకున్నవాళ్లూ రండి... కాకపోతే తినేసి రండి, ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లతో నేను పోట్లాడను.