గంజు పట్టే సింకు

సింకు కొనడానికి నేను గంజు తీసుకుని పోయాను. నవ్వేవాళ్లు నవ్వండి. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నప్పుడు ఇరవై మందికి అన్నం వండే గంజు అది. గోనెసంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి, గోదావరిఖని చౌరస్తాలో దిగి, నల్లాలు, పైపులు అమ్మే దుకాణంలో ఒక్కో సింకులోకి దాన్ని దించి చూశాను. దుకాణపాయన మొదట నవ్వాడు. మూడో సింకు దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మాని తనే గంజు అందుకున్నాడు.

"అక్కా, రెండు తొట్లది తీస్కో. ఒకదాంట్ల తోముడు, ఒకదాంట్ల కడుగుడు. జ్యోతినగరోళ్లు అందరు గిదే తీస్కపోతున్నరు."

"జ్యోతినగర్ల ఇంజనీర్ల ఇండ్లల్ల గిసొంటి గంజులు ఉండయి తమ్మీ. నాకు ఒక్కటే తొట్టి కావాలె. లోతుగ ఉండాలె."

అప్పటికే నెల రోజులుగా సలహాలు విని విని చెవులు నొస్తున్నాయి. బసంత్‌నగర్‌లో ఉండే మా ఆడబిడ్డ నల్లరాయి సింకు అంది. పక్కింటామె మెరిసే స్టీలు అంది. ఎవరింట్లో ఏది ఉంటే వాళ్లకు అదే గొప్ప. దుకాణపాయన రెండు సింకులను వేలితో కొట్టి వినిపించాడు. పల్చటిది టంగుమంది, మందంగా ఉన్నది దబ్బుమంది. దబ్బుమన్నదాంట్లో గంజు చెవులతో సహా మునిగింది. అదే తీసుకున్నాను. ఆ లోతు నేను కోరి తెచ్చుకున్నదే కాబట్టి తర్వాత జరిగినదాంట్లో సగం తప్పు నాది. ముందే ఒప్పుకుంటే మంచిది.

ముప్పై ఏళ్లు కంపెనీ క్వార్టర్‌లో ఉన్నాం. వంటింటి మూలన చిన్న గట్టు కట్టిన జాలారి ఉండేది. గిన్నెలు తోమడమంటే ఆ జాలారిలో గొంతుక్కూర్చోవడమే. మా ఆయన బొగ్గు గనిలో కార్మికుడు. ఆయనకు షిఫ్టులు మారేవి, నాకు మారేవి కావు. తోమి బోర్లించిన గిన్నెలను వండే ముందు మళ్లీ కడగాలి, బొగ్గు ధూళి పడని ఇల్లు ఇక్కడ లేదు. అట్లా ఎన్నిసార్లు కూర్చుని లేచానో నేను లెక్క పెట్టుకోలేదు, నా మోకాళ్లు పెట్టుకున్నాయి. పోయిన ఏడాది దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "ఇంక కింద కూర్చోవద్దమ్మా, కూర్చుంటే ఒకరోజు లేవలేరు" అని చెప్పింది.

అందుకే ఆయన రిటైరై, క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చి, ఊరి చివర ప్లాటులో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు నేను ఒక్కటే అడిగాను. గుమ్మం ఎటు ఉన్నా సరే, గోడలకు ఏ రంగయినా సరే, నేను నిలబడి గిన్నెలు తోముకోవాలి. అంతకుమించి ఆ ఇంటి మీద నాకు ఆశ లేదు.

వంటింటి గట్టు కట్టిన రోజు నేను అక్కడ లేను. క్వార్టర్‌లో సామాను మూటలు కడుతున్నాను. ఆ మేస్త్రికి టేపు పెట్టే అలవాటు లేదు. ఇంట్లోవాళ్లను గోడ పక్కన నిలబెట్టి, నడుము దగ్గర బొగ్గు ముక్కతో గీత గీస్తాడు. ఆ గీతే గట్టు ఎత్తు. "ఎవలన్న ఒకరు వచ్చి నిలవడుండ్రి" అన్నాడట. ఆ పూట అక్కడ ఉన్నది మా ఆయన ఒక్కడే. ఆరడుగుల మనిషి. పోయి నిలబడ్డాడు. నేను ఆయన భుజం దాకా కూడా రాను.

గ్రానైటు పరిచి, టైల్సు అతికించి, సింకు బిగించాక చూశాను. గట్టు నా రొమ్ముల కిందికి వచ్చింది. సింకేమో లోతు. అడుగున ఉన్న చెంచా అందాలంటే మునివేళ్ల మీద లేవాలి. చేతులెత్తి తోముతుంటే నీళ్లు మోచేతుల మీదుగా జాకెట్‌లోకి కారాయి.

"గీత గీస్తుంటె గిన్నెలు ఎవలు తోముతరో యాదికి రాలేదా?" అని అడిగాను.

"మేస్త్రి నిలవడుమన్నడు, నిలవడ్డ."

అబద్ధం కాదు. ముప్పై ఏళ్లు నిలబడమన్నచోట నిలబడి, వంగమన్నచోట వంగి పని చేసిన మనిషి. కానీ నాకు ఆ రోజు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. ఒక్క కోరిక కోరుకుంటే దాన్ని కూడా తన నడుముకే కొలిపించుకున్నాడు.

పగలగొట్టిద్దామన్నాడు. పగలగొడితే మళ్లీ గ్రానైటు, మళ్లీ టైల్సు, మళ్లీ ఆ దుమ్ము. మేస్త్రి అప్పటికే మందమర్రిలో ఇంకో ఇల్లు పట్టుకున్నాడు, ఫోనెత్తడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు రెండింటినీ ఒక్క గాటన కట్టారు గాని, పెళ్లి నాలుగు రోజుల్లో అయిపోతుంది. నా ఒంట్లో ఓపిక లేదు. ఉండనీ అన్నాను.

మిగిలిన సెంట్రింగు చెక్కలతో ఆయనే ఒక ఎత్తు పీట కొట్టి తెచ్చాడు. రెండు వారాలు దాని మీద నిలబడే తోమాను. ఒక మధ్యాహ్నం సబ్బునీళ్లు పడ్డ చెక్క మీద పాదం జారింది. సింకు అంచు పట్టుకున్నాను కాబట్టి పడలేదు, మోకాలు మాత్రం మళ్లీ వాచింది.

ఐదు రోజులు ఆయన తోమాడు. బాగానే తోమాడు, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తోమాడు. జిడ్డు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆరో రోజు పొద్దున రిటైరైనవాళ్లంతా కూర్చునే చాయ్ హోటల్‌కు పోయి పన్నెండింటికి వచ్చాడు. గిన్నెలు సింకులో అట్లనే ఉన్నాయి. అడగొచ్చు కదా అని మీరు అంటారు. రోజూ అడగడం కూడా ఒక పనే. దానికంటే గిన్నెలు తోమడం తేలిక.

మరునాడు ఆయనతో సజ్జ మీది సంచి దింపించాను. అందులో ఆయన బాయి బూట్లు ఉన్నాయి. గనిని ఇక్కడ మేం బాయి అంటాం. నీళ్లలో, బురదలో జారకుండా కంపెనీ ఇచ్చే బూట్లు, రెండు వేళ్ల మందం రబ్బరు అడుగు. ఈ జత ఇచ్చిన నెలకే రిటైరయ్యాడు కాబట్టి కొత్తగానే ఉన్నాయి. రిటైరైన రోజు దండలు వేసి, శాలువా కప్పి, డప్పులతో దోస్తులంతా ఆయనను క్వార్టర్ దాకా తీసుకొచ్చారు. అందరికీ నేను చాయ్ ఇచ్చాను. వాళ్లు పోయాక ఆ గ్లాసులన్నీ జాలారిలో కూర్చుని తోమాను.

బూట్లలో పాత చీర ముక్కలు కుక్కి కాళ్లు పెట్టాను. వదులు. గట్టిగా బిగిస్తే తప్ప నిలవవు, వంగి లేసులు కట్టుకుందామంటే మోకాలు వంగదు. కుర్చీలో కూర్చుని పిలిచాను.

"ఇగో, గిటు రా. గివి కట్టు."

బూట్ల వంక చూశాడు, పీట వంక చూశాడు. కింద కూర్చున్నాడు. ఆయన మోకాళ్లు కూడా టక్కుమన్నాయి. తల వంచి లేసులు లాగుతుంటే మెడ మీది నీలం మచ్చలు కనబడ్డాయి. ఎప్పుడో బాయిలో పైకప్పు పెళ్ల విరిగి మీద పడితే, గాయంలో బొగ్గుపొడి ఉండిపోయి మానిన మచ్చలు. కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు.

"నువ్వు రిటైర్ అయితివి," అన్నాను. "నేనెప్పుడు అయిత?"

ఆయన ఒక ముడి వేసి దాని మీద ఇంకో ముడి వేశాడు. బాయిలోకి దిగే ముందు ముప్పై ఏళ్లు తన కాళ్లకు వేసుకున్న ముడి అది. రెండుసార్లు లాగి చూసి, నా కాలిని మెల్లగా నేల మీద పెట్టాడు.

"గట్టిగ కట్టిన," అన్నాడు. "షిఫ్టు అయ్యేదాక ఊడది."

లేచి పీట ఎక్కాను. జారలేదు. గంజు అడుగు చేతికి అందింది.