తగినంత ఉప్పుకు ఇండెంట్

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, కాజీపల్లిలోని మందుల ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరుగా ఉన్న నాకు కాంటీన్ బాధ్యత కూడా అప్పగించారు. ఒక్క వంటల పుస్తకం చేతపట్టుకుని, నాలుగు వందల మంది కార్మికులకు వారం రోజులు వండిపెట్టి, వాళ్ల బీపీలు దించిన మనిషిని నేను. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఏ పెళ్లి భోజనంలో కూర్చున్నా ఈ మాట చెబుతూనే వచ్చాను.

వెల్ఫేర్ ఆఫీసరంటే చట్టం ప్రకారం పెద్ద ఫ్యాక్టరీలో ఉండి తీరాల్సిన ఉద్యోగి. కుళాయిలో నీళ్లు రాకపోయినా, గేటు దగ్గర ఇద్దరు కొట్టుకున్నా, సాంబారులో ఈగ పడినా అతన్నే పిలుస్తారు. ఈగ విషయంలో నాకు అనుభవం ఉంది. వంటలో లేదు.

ఆ ఏడాది వైద్య పరీక్షల్లో చాలామందికి బీపీ, షుగరు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఫ్యాక్టరీ డాక్టరు మేనేజరు ఎదుటే కాంటీన్ కూర ఉన్న పళ్లెం వంచి చూపించాడు. నూనె ఒక పక్కకు నడిచొచ్చింది. నూనె, ఉప్పు సగానికి తగ్గించాలని అక్కడికక్కడే ఉత్తర్వు అయింది. ముత్తంగి దగ్గర వంటశాల నడుపుతున్న ఒక కాంట్రాక్టరు అప్పటికే ఆ గదిలో టీ తాగుతున్నాడు. శనివారం కాంటీన్ కమిటీ తిని చూస్తుంది. ఆ కమిటీలో సగం మంది మేనేజ్‌మెంటు వాళ్లు, సగం మంది కార్మికులు. తిండి నచ్చకపోతే కాంటీన్ కాంట్రాక్టరుకు పోతుంది. అతను తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, మా వంటింట్లో పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్లు ఇంటికి పోతారు.

వాళ్లకు పెద్ద బాలమణి. ఆ ఊరి మనిషే. ఇరవై ఏళ్లుగా ఆ పొయ్యి దగ్గరే ఉంది.

"సారూ, మాకు ఇంకో పని రాదు. నువ్వేం జేస్తవో జెయ్యి గని, కాంటీన్ పోనియ్యకు" అంది.

భయపడొద్దనీ, నా దగ్గర పుస్తకం ఉందనీ చెప్పాను.

ఆ పుస్తకం మా ఆవిడది. నూనె తక్కువ, రుచి ఎక్కువ అని అట్ట మీదే హామీ ఉంది. సొరకాయ శనగపప్పు కూర తీశాను. కొలతలు నలుగురికి. మనకు నాలుగు వందల మంది. వందతో గుణిస్తే సరి, ఇందులో వంట ఏముంది, లెక్కే కదా అనుకున్నాను.

"ఉప్పు: తగినంత" అన్న చోట లెక్క ఆగింది. మా స్టోర్స్ నుంచి సూది కావాలన్నా ఇండెంట్ రాయాలి. వస్తువు పేరు, పరిమాణం, అధికారి సంతకం ఉన్న చీటీ అది. "ఉప్పు, తగినంత" అని రాసి పంపాను. పరిమాణం రాయవలెను అని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

సాయంత్రం ఇంట్లో అడిగితే మా ఆవిడ, "తగినంతంటే తగినంతేనండీ. ఇన్నేళ్లు తిన్నారుగా, తెలీదూ?" అంది. నలుగురి కూరకు వేసే ఉప్పు ఆమె చేతే కాగితంలో వేయించి, పొట్లం కట్టి, మర్నాడు మా ల్యాబ్‌లో మందులు తూచే త్రాసు మీద పెట్టించాను. మిల్లీగ్రాముతో సహా అంకె వచ్చింది. వందతో గుణించి చీటీ పంపాను. స్టోర్ కీపరు నోరెత్తకుండా ఇచ్చాడు.

మంగళవారం వంట మొదలైంది. పుస్తకంలో నీళ్లు రెండు గ్లాసులు. నేను పెద్ద వంటపాత్రలో, వాళ్ల మాటలో గంజులో, రెండు వందలు పోయమన్నాను.

బాలమణి నడుం మీద చేతులు పెట్టుకుంది. "గింత పెద్ద గంజుల నీళ్లు ఇంట్ల లెక్క ఇంకయి సారూ. సొరకాయల ఉన్న నీళ్లు యాడవోతయి?"

"పుస్తకంలో ఉంది, పొయ్యి."

"గా పుస్తకం ఎన్నడన్న గంజు తోమిందా?"

పోయించాను. పన్నెండున్నరకు భోజనం గంట కొట్టేసరికి సొరకాయ కరిగిపోయింది, నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. కమిటీలో కార్మికుల తరఫు సభ్యుడు నర్సింలు పళ్లెంలో చెయ్యి పెట్టి వెతికాడు.

"సార్, కూర యాడుంది? ఈతగాన్ని పిలువుమంటవా?" అని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. "అమ్మో, సముద్రమే!"

వెనక నుంచి ఎవరో, "బాలమణక్కా, ఏమైంది నీ చెయ్యికి?" అని అరిచారు.

"నా చెయ్యి మంచిగనే ఉంది బిడ్డా. సార్ చెయ్యి వడ్డది."

ఇక ఒప్పుకోక తప్పదు. వారం రోజులు వండిపెట్టానన్నాను గదా, నా పెత్తనం సాగింది ఆ ఒక్క మంగళవారమే. బీపీలు దించానన్నది కూడా కోతే. ఎవరిదీ కొలవలేదు. ఆ మధ్యాహ్నం డాక్టరు కొలిచింది నాదొక్కటే, అది పెరిగింది.

బుధవారం పొద్దున బాలమణి గరిటె తీసేసుకుంది. "నువ్వు సదువు, నేను వండుత." ఆమెకు చదువు రాదు. నేను కూరగాయల ట్రే బోర్లించుకుని కూర్చుని ఒక్కొక్క వాక్యం చదివాను. నచ్చితే ఊఁ అనేది, నచ్చకపోతే "గది ఇడిసిపెట్టు" అనేది. నీళ్లు నేను పోయించినదాంట్లో సగం కూడా పోయలేదు. నూనె తగ్గిన చోట నాలుకకు ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి నువ్వులు, ధనియాలు వేయించి పొడి కొట్టించింది. వెల్లుల్లి దంచించింది. చింతపండు పులుపు కాస్త ముందుకు తెచ్చి ఉప్పును వెనక్కి నెట్టింది. పోపు మొదట వేయకుండా, కూర దించాక చిన్న మూకుడులో వేయించి పైన గుమ్మరించింది.

"నూనె ముందుగాల పోస్తె కూర తాగుతది. ఎనుకకు పోస్తె ముక్కుకు తెలుస్తది" అంది.

నా వంతు పని తూకం. ఆమె చేత్తో వేసే ముందు ఉప్పు డబ్బా, నూనె డబ్బా తూచేవాణ్ణి, వేశాక మళ్లీ తూచేవాణ్ణి. తేడా ఎంతో అదే మర్నాటి ఇండెంట్. ఉప్పు నా గుణకారంలో సగానికి కాస్త పైన తేలింది, నూనె పాత వాడకంలో సగం.

శనివారం కావాలనే మళ్లీ సొరకాయే వండించాం. కమిటీ కూర్చుంది. మేనేజరు రెండోసారి వడ్డించుకున్నాడు. నర్సింలు పళ్లెం తుడిచి, "గిట్ల పెడితే కాంట్రాక్టరు ఎందుకు సార్?" అన్నాడు. నూనె సగానికి తగ్గించిన వంటను కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిందని మినిట్స్ రాశాను, అందరూ సంతకాలు చేశారు. ఎనిమిది మందీ పనిలో ఉన్నారు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఏం వండాలో పుస్తకం చెబుతుంది. ఎంత వేయాలో గంజు దగ్గర నిలబడ్డవాళ్లను అడిగి, వాళ్లు వేసింది తూచి కాగితం మీద పెట్టాలి. నూనె సగం చేసినా రుచి తగ్గకుండా వండవచ్చని ఆ శనివారం రుజువైంది.

ఇదంతా రాసి, తప్పులుంటే చెప్పమని బాలమణి ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. చివరి వాక్యం దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"గది కొట్టెయ్ సారూ. శనారం నాడు నూనె తగ్గియ్యలే. నువ్వు మా డబ్బా తూకమేస్తున్నవని, ఎనిమిది మందిమి ఇండ్లల్లకెంచి పల్లినూనె తెచ్చి పోపుల పోసినం. సోమారం సంది మల్ల నిజంగనే తగ్గిచ్చినం, ఎవ్వడు గుర్తువట్టలే. దినాం ఈడనే తినేటోళ్లం, గా ఒక్కనాడు టిఫిన్ డబ్బాలు ఎందుకు తెచ్చుకున్నమో నువ్వు అడుగనే లేదు."