రెండు క్షిపణుల విమానం

మా ఆయన పైఅధికారి అంటే నాకు ఒళ్ళుమంట. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఇంటికి పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చాడు. అయినా మంటే.

ఆయన ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట నడిచేది. బల్ల మీద పెద్ద పటం, పాచికలు, తలా ఒక పాత్ర. మన పాత్ర ఏం చేస్తుందో మనం నోటితో చెప్పాలి. అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేవాడు, శత్రువుల తరఫున ఆడేవాడు, తగాదా వస్తే తీర్పు చెప్పేవాడు, అన్నీ ఆయనే. యుద్ధం ఆట అది. నియమాల పుస్తకం ఎక్కడి నుంచో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగు చేయించాడు. అందులో సగం విమానాల నుంచి వదిలే ఆయుధాలే. ఏ బాంబు ఎంత బరువు, ఏ క్షిపణి ఎంత దూరం పోతుంది, ఏ విమానం రెక్కల కింద ఎన్నింటిని మోస్తుంది, ఇదంతా పట్టికలు పట్టికలుగా ఉండేది.

మేం బతకడానికొచ్చిన ఈ ఊరి చివర, హజీరాలో ఒక ప్లాంటులో ఆయన మేనేజరు. మా ఆయన అక్కడే ఆపరేటరు. ఎవరు ఏ షిఫ్టులో రావాలో ఆయనే రాస్తాడు. ఇద్దరు ఇంజనీర్లు, మా ఆయన, తాను కలిసినా ఆటకు ఒకరు తక్కువయ్యారని, "మీ ఆవిడను కూడా తీసుకురావయ్యా" అన్నాడట. అలా నేను వెళ్ళాను.

నిజానికి మా ఆయనకు ఆటంటే తలనొప్పి. ఆయన వెళ్ళేది వేరే పని మీద. మూడు షిఫ్టుల్లో వారానికొకటి మారి మారి చేసేవాడు. పోయిన వర్షాకాలం నైట్ దిగి, పొద్దున్నే బండి మీద కోసాడ్‌లోని మా ఇంటికి వస్తూ, కళ్ళు మూతపడి డివైడర్‌కు గుద్దుకున్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. వెనకాల లారీ ఏదీ రాలేదు కాబట్టి మనిషి మిగిలాడు. ఇతనికి రాత్రి డ్యూటీ పడదు, ఇంకోసారైతే ఎముకతో పోదు అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. పగలు మాత్రమే ఉండే జనరల్ షిఫ్టులో ఒకతను రిటైరవుతున్నాడు. ఆ ఒక్క చోటూ ఎవరికన్నది మేనేజరు చేతిలో ఉంది. అందుకే మా ఆయన ఆదివారం ఆదివారం నిద్ర చెడగొట్టుకుని, అర్థంకాని పాచికలు వేసేవాడు.

నాకేమో ఆట బాగా ఎక్కింది. నా పని పాండేసరలో ఒక షెడ్డులో, సాంచాల మీంచి, అంటే మరమగ్గాల మీంచి, దిగిన గుడ్డను లైటు బల్ల మీద పరిచి తప్పులు పట్టడం. తెగిన పోగు, నూనె మరక, పలచబడ్డ నేత, ఏదీ నా కన్ను దాటి పోదు. మా బల్ల దగ్గర ఒక కట్టుబాటుంది. తప్పు కనిపిస్తే అక్కడికక్కడే గట్టిగా అరవాలి. అరవకుండా గుడ్డ మడత పడిందా, ఇక ఆ తప్పు నేసినవాడిది కాదు, చూసినదానిది. పన్నెండేళ్ళుగా అరిచీ అరిచీ నాకు మెదడు కంటే ముందు నోరు కదులుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది, అదీ వీధి చివరి దాకా వినబడేట్టు.

ఆటలో నా పాత్ర ఒక ఏటి ఒడ్డు పట్నంలో రాడార్ చూసే మనిషి. శత్రు విమానాన్ని ముందుగా కనిపెట్టి జనాన్ని దాచడం ఆమె పని. ఆరు నెలలు ఆమెను నడిపాను. రెండుసార్లు పట్నం ఆమె వల్లే బతికింది. ఆ ఇంజనీర్లు కూడా "అక్కా, ఇప్పుడేం చేద్దాం?" అని నన్నే అడిగేవారు. షెడ్డులో నన్ను అలా అడిగినవాడు లేడు. క్షిపణుల లెక్క చూసుకోవడం కూడా నాకే అప్పగించారు. ఇంటి నుంచి చింతగింజలు పట్టుకెళ్ళాను. విమానం బొమ్మ కింద ఎన్ని క్షిపణులుంటే అన్ని గింజలు. ఒకటి వదిలితే ఒక గింజ తీసేయాలి.

ఆ ఆదివారం వచ్చిన విమానానికి పుస్తకంలో రెండే క్షిపణులు, రెక్కకొకటి. మళ్ళీ నింపుకోవాలంటే వెనక్కి వెళ్ళి మూడు విడతలు ఆగి రావాలి. మొదటిది ఏట్లో పడింది. రెండోది వంతెనను లేపేసింది. రెండు గింజలూ అందరి ముందే తీశాను. విమానం ఖాళీ. ఇక భయం లేదని, నా రాడార్ మనిషి నేలమాళిగలోంచి బయటికొచ్చి, మిద్దెక్కి, అవతలి ఒడ్డువాళ్ళకు సైగ చేస్తోందని చెప్పాను.

మేనేజరు సార్ నవ్వాడు. "అదే విమానం ఇప్పుడు మూడో క్షిపణి వదిలింది. సూటిగా ఆ మిద్దె మీదికే."

"సార్! గింజలు అయిపోయినయ్!" అని అరిచాను. వంటింట్లోంచి వాళ్ళావిడ తొంగిచూసింది.

"రెక్కల కింద లేకపోతే పొట్ట కింద ఉంటుందమ్మా."

"మీ పుస్తకంల పొట్ట లేదు సార్. రెక్కకొకటని మీరే చదివిన్రు."

ఒక ఇంజనీరు పుస్తకం తీసి, ఆ పేజీ దాకా వెళ్ళి, సార్ మొహం చూసి మెల్లగా మూసేశాడు. ఇంకొకతను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"గుడ్డ మీటర్ల లెక్క వేరు, ఆయుధాల లెక్క వేరమ్మా. ఇది కాస్త టెక్నికల్ విషయం," అన్నాడు సార్.

భగ్గుమంది నాకు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళ గురించి విన్నాను గానీ, పక్కన కూర్చుని చూడటం అదే మొదలు. "మూడుదాకా లెక్కవెట్టనీకి ఇంజనీరింగ్ చదవాల్నా సార్?" అన్నాను.

బల్ల కింద మా ఆయన నా మోకాలు నొక్కాడు. "నీ కాళ్ళు మొక్కుత, జర గమ్మునుండు," అన్నాడు గొంతు తగ్గించి. నేను ఉండలేదు. పేజీ తెరవమన్నాను. సార్ తెరవలేదు.

"తప్పెవరిదో ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. వచ్చే ఆదివారం చూద్దాం," అని సార్ లేచాడు. గుమ్మం దగ్గర మేం చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన భుజం తట్టి, "వచ్చే నెల షిఫ్టులు ఇంకా వేయలేదయ్యా. వేయాలి," అన్నాడు. అంతే అన్నాడు. మా ఇద్దరికీ అర్థమైంది. ఛీ, ఇదీ ఒక మనిషేనా!

దారిలో మా ఆయన బండి పక్కకు ఆపి మరీ అరిచాడు. "అది ఉత్తుత్త మిసైలు! ఉత్తుత్త ఊరు! నా బొక్క ఇరిగింది గూడ ఉత్తుత్తదేనా? గింజలు నువ్వే తప్పు లెక్కవెట్టినవేమో!"

"నీ కండ్ల ముంగటనే తీసిన గద రెండు గింజలు!"

"నేను సూడలే."

చూడలేదట! నా మోచేతికి మోచెయ్యి ఆనించి కూర్చున్నవాడు. సార్ మీద కంటే ఈయన మీద ఎక్కువ కోపం వచ్చింది.

ఆ వారం ఆయనకు నైట్. రోజూ పొద్దున ఆయన వచ్చే వేళకు కింద గేటు దగ్గర నిలబడేదాన్ని. బండి చప్పుడు వినబడగానే, ఆయన చూడకముందే పైకి వెళ్ళిపోయేదాన్ని. గురువారం వేళ దాటి నలభై నిమిషాలైనా రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆ నలభై నిమిషాల్లో సార్‌ను తిట్టాను, ఆయన పుస్తకాన్ని తిట్టాను, మా ఆయన్ను తిట్టాను, చివరికి నా నోటిని తిట్టుకున్నాను. తీరా వచ్చి ఏమన్నాడో తెలుసా? "నిద్ర ఆగలే. రోడ్డు పక్కకు బండి స్టాండేసి, దాని మీద్నే జర కన్నుమూసిన." అదేదో తెలివైన పని చేసినట్టు చెప్పాడు.

ఆదివారం టీ రాకముందే అనేశాను. "సార్, తప్పు నాదే. మూడు గింజలుండె. ఒకటి నా ఒళ్ళె పడ్డది, చూసుకోలే."

సార్ పాచికలు చేతిలోకి తీసుకున్నాడు. అబద్ధమని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. "పర్లేదమ్మా, అందరికీ అవుతుంటాయి," అని పాచికలు వేశాడు. తగిలింది. మిద్దె ఎలా కూలిందో, ఆమె ఎలా పోయిందో తీరిగ్గా, రుచిగా చెప్పాడు. ఆమె కాగితం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి నాకే ఇచ్చాడు. తర్వాత అందరికీ లోచో, ఆవిరి మీద ఉడికిన శనగపిండి టిఫిను, తెప్పించాడు. సిగ్గులేకుండా తిన్నాను కూడా.

మరుసటి నెల షిఫ్టుల పట్టికలో మా ఆయనది జనరల్ షిఫ్టు.

ఇప్పుడు పొద్దుండగానే ఇంటికి వస్తున్నాడు. కళ్ళ కింద నలుపు పోయింది. బండి మీద పాటలు పాడుకుంటూ వస్తాడట, పక్కింటావిడ చెప్పింది. ఇది చాలనుకున్నాను. నా కోసమే అంత అబద్ధం ఆడావు కదా అని ఎప్పుడో ఒకసారి ఆయన నా చెవిలోనైనా అంటాడని ఎదురుచూశాను.

మొన్న అన్నం ముందు కూర్చుని నవ్వుతూ అన్నాడు. "నేను గా దినమే చెప్పిన గద, నువ్వే తప్పు లెక్కవెట్టినవని. ఇన్నవా? ఊరికెనే సార్‌తోని లొల్లి వెట్టుకుంటివి."

హాస్యమాడుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే నమ్మాడు.

"సార్ నీకు కొత్త పాత్ర ఇస్తనన్నడు. ఐతారం పోదాం," అన్నాడు. "ఫికర్ జేయకు, లెక్క ఇగ నేను చూసుకుంట."

గరిటె మొహాన కొట్టాలనిపించింది. "సరే, నువ్వే చూసుకో," అని ఇంకాస్త పప్పు వేశాను.