ప్రశ్న ఉత్పన్నం కాదు

గుజరాత్ అసెంబ్లీలో మా అక్క గురించి మాట్లాడుతున్న సమయానికి అక్క సూరత్ పక్కన పల్సానాలో ఒక మరమగ్గాల షెడ్డులో కండెలు చుడుతోంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సాయంత్రం ఫోన్‌లో చూపిస్తే సంతోషపడుతుందనుకున్నాను.

నేను మాత్రం నా టిఫిన్ బండి దగ్గర చట్నీ గిన్నెకు ఫోన్ ఆనించి చూశాను. మా ఎమ్మెల్యే లేచి నిలబడింది. మరమగ్గాల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళకు మరుగుదొడ్లు ఎన్ని చోట్ల ఉన్నాయో చెప్పమంది. అవి లేక వాళ్ళకు వస్తున్న కిడ్నీ జబ్బుల గురించి ఆరోగ్య శాఖ ఏం చేస్తోందని అడిగింది. ఆడా మగా సమానమని విధానం రాసుకున్న ప్రభుత్వం ఆ విధానాన్ని షెడ్డు గేటు బయటే వదిలేసిందా అని కూడా అడిగింది. అక్కడిదాకా బాగుంది. తర్వాత, "నా నియోజకవర్గంలో ఉండే ఒక నిరక్షరాస్య సోదరి..." అని మొదలుపెట్టింది.

మా అక్క నిరక్షరాస్యురాలు కాదు. సూరత్‌లోనే మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. నేను ఆ సంగతి ఎమ్మెల్యే ఎదుట కూర్చుని స్వయంగా చెప్పాను. ఆమె తల కూడా ఊపింది.

ఇంకొకటి. ఆమె నోట మరుగుదొడ్డి అన్న మాట వచ్చినప్పుడు సభలో ఎవరో నవ్వారు. మగ గొంతు. కెమెరా అటు తిరగలేదు. ఆ వీడియోను ఆపి, వెనక్కి జరిపి చాలాసార్లు చూశాను. నవ్వినవాడు ఎవరో ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే అతని మీదా ఒక అర్జీ రాసేదాన్ని.

అర్జీలు రాయడం నాకు అలవాటు. మోరీ పొంగినా, వీధిదీపం ఆరినా, రేషన్‌లో తూకం తగ్గినా రాస్తాను. మా బస్తీలో అందరం తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాల వాళ్ళమే. నన్ను అర్జీలక్క అని పిలుస్తారు. ఎదురుగా నవ్వుతూ, వెనకాల మరో రకంగా. ఎవరు ఏ గొంతుతో అంటారో నాకు తెలుసు.

అక్కే నన్ను మొదట షెడ్డుకు తీసుకెళ్ళింది. అప్పటికి బావ మంచం పట్టాడు. ఏళ్ళ తరబడి పీల్చిన దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇల్లంతా అక్క కూలి మీదే నడిచేది. పని నేర్పడం అంటే దారం పట్టడం, తెగితే ముడి వేయడం చూపిస్తుందనుకున్నాను. అక్క ముందు వేరే చదువు చెప్పింది.

"పొద్దుగాల చాయ్ తాగకు. ఎండు రొట్టె తిని రా. నోరు ఎండితే లవంగం బుగ్గల పెట్టుకో. గా ఫ్యాన్ కింద జాగ కోసం కొట్లాడకు, ఉక్కలనే కూసో. చెమట వోతే ఒంటికి రాదు."

ఆ షెడ్డులో ఉన్న ఒకే ఒక్క దొడ్డికి తలుపు లేదు. మగవాళ్ళు దాన్ని కూడా వదిలేసి వెనక గోడ దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళు పొద్దున షేర్ ఆటో ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాక ఇల్లు చేరేదాకా బిగబట్టుకోవాలి. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ అక్క ఈ పాఠమే చెప్పేది. తనకు తన ముందున్నవాళ్ళు చెప్పారు. వాళ్ళంతా దీన్ని పనితనంలో ఒక భాగం అనుకునేవాళ్ళు. పగలంతా గుక్కెడు నీళ్ళు తాగకుండా గడిపిన పిల్లను, "మంచిగ తయారైంది" అని మెచ్చుకునేవాళ్ళు.

నేను తయారు కాలేదు. షెడ్డు యజమాని సేఠ్ దగ్గరికి వెళ్ళి ఆడవాళ్ళకు ఒక దొడ్డి కట్టించమన్నాను. ఆయన గుజరాతీలో చెల్లెల్ని పిలిచినట్టు, "బేన్, ఇది కార్ఖానా, హోటల్ కాదు" అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న పచ్చ చొక్కా కూడా నాకు గుర్తుంది. మర్నాడు సేఠ్ చెప్పాడని ఆటోవాడు నన్ను ఎక్కించుకోలేదు. అట్లా నా మగ్గాల పని ముగిసి ఇడ్లీ బండి మొదలైంది.

అక్క మాత్రం మానలేదు. ఆదివారం అందరం కలిసి డుమస్ సముద్రం ఒడ్డుకు వెళ్ళినా ఆమె టమాటా భజియా కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకునేదే తప్ప నీళ్ళ సీసా ముట్టేది కాదు. "ఈడ యాడికి వోవాలె?" అనేది. మొదట మంట, తర్వాత జ్వరాలు. ఆ తర్వాత ముఖం, పాదాలు ఉబ్బడం మొదలైంది. బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక తెలుగు డాక్టరమ్మ ఉంది, కొత్తగా వచ్చిన పిల్ల. కాగితాలు చూసి, కిడ్నీలు రెండూ చాలావరకు దెబ్బతిన్నాయని, ఇలాగే ఉంటే పూర్తిగా పోతాయని చెప్పింది.

"నీళ్ళు బాగా తాగాలండీ. వచ్చినప్పుడు అస్సలు ఆపుకోకూడదు."

"తాగుత డాక్టరమ్మా. మరి పల్సానాల జాగ నువ్వు చూపిస్తవా?"

అక్క నవ్వుతూనే అంది. ఆ పిల్ల తల దించుకుని కలం మూత తీసింది. మందులు రాసింది. మందులతో పాటు తాగాల్సిన నీళ్ళు ఎక్కడ తాగాలో రాయడానికి ఆ చీటీలో చోటు లేదు.

అప్పుడే నేను ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళాను. ఆమె దగ్గర పనిచేసే మనిషి నన్ను చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టాడు. సలాబత్‌పురా నుంచి వచ్చిన చీరల వ్యాపారులు నా తర్వాత వచ్చి నాకంటే ముందు లోపలికి వెళ్ళారు. వాళ్ళకు చాయ్ వెళ్ళింది. నాకు రాలేదు. చివరికి పిలిచినప్పుడు ఎమ్మెల్యే మాత్రం బాగానే మాట్లాడింది. ఆడమనిషి కదా, సగం చెప్పేసరికే అర్థమైంది. "ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరూ నాతో అనలేదే" అంది. సిగ్గుపడి ఎవరూ అనలేదు. నేను సిగ్గుపడను.

అసెంబ్లీలో ఆమె అడిగిన ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పాడు. నియమాలు ఉన్నాయని, షెడ్లు తనిఖీ చేయిస్తామని అన్నాడు. బల్లలు చరిచిన చప్పుడు వినబడింది. నేను ఆ రోజు బండికి వచ్చినవాళ్ళందరికీ అడగకుండానే ఒక వడ ఎక్కువ వేశాను. సాయంత్రం అక్క ఆటో దిగగానే వీడియో చూపించాను. ఆమె మొత్తం చూసింది.

"గీ సోదరి అంటే నేనేనా?"

"నువ్వే అక్కా."

"పేరు చెప్పలే గద?"

"చెప్పలే."

"ఇగ మంచిదే" అని పైకి లేచింది. నేను ఇంకేదో అంటుందని గుమ్మం దాకా వెనకే వెళ్ళాను.

తనిఖీ నిజంగానే వచ్చింది. ఆడవాళ్ళు పనిచేసే చోట వాళ్ళకు వేరుగా, తలుపూ నీళ్ళూ ఉన్న దొడ్డి ఉండాలని సేఠ్‌కు చెప్పి, గడువు ఇచ్చి వెళ్ళారు. మేమందరం ఇటుకలు దిగుతాయని చూశాం. ఇటుకలు దిగలేదు. గడువు దాటకముందే సేఠ్ ఆడవాళ్ళందర్నీ పని మానిపించేశాడు. ఆడవాళ్ళు లేకపోతే ఆడవాళ్ళ దొడ్డి అక్కర్లేదు. వాళ్ళ చోట వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మగపిల్లల్ని కూర్చోబెట్టాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళూ అదే దారి పట్టారు.

ఆ రోజు ఆటో మధ్యాహ్నమే వచ్చింది. దిగిన ఆడవాళ్ళు నేరుగా నా బండి దగ్గరికి వచ్చారు. అక్క అందరికంటే వెనక ఉంది.

"ఏం అర్జీలక్కా, సల్లగుందా కడుపుల?" అంది ఒకామె.

"జర గా మినిస్టర్‌కు చెప్పు, మా ఇంట్ల పొయ్యి గూడ తనిఖీ చెయ్యమని" అంది ఇంకొకామె.

సేఠ్‌ను పోయి అడగండి, నన్నెందుకు అంటారు, చట్టం తప్పినవాడు వాడు అని నేను గట్టిగానే అన్నాను. నేను అన్నది నిజమే. ఇప్పటికీ నిజమే. అక్క ముందుకు వచ్చింది.

"నీళ్ళు తాగకుండ ఇన్నేండ్లు బతికిన చెల్లే. కూలి లేకుండ ఎట్ల బతకాలె? మీ బావ మందులు యాడికెళ్ళి తేవాలె?"

"నీ కిడ్నీల కోసమే గదనే చేసింది!"

"నేను అడిగిన్నా? ఎన్నడన్న నీతో అర్జీ రాయమన్ననా?"

అడగలేదు. అడిగేదాకా ఆగితే ఆమె మిగలదని ఆమెకు చెప్పబోయాను. అప్పటికే వెనక్కి తిరిగింది. ఆ తర్వాత అక్క నాతో మాట్లాడడం మానేసింది. ఒకే వీధిలో ఉంటాం. నేను కూర పంపితే గిన్నె కడిగి గుమ్మంలో పెట్టి వెళ్ళేది.

ఎమ్మెల్యే పట్టు వదలలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాతి సమావేశాల్లో మళ్ళీ అదే ప్రశ్న వేసింది. ఈసారి జవాబు పొట్టిగా వచ్చింది. సదరు ప్రాంతంలోని షెడ్లలో స్త్రీలు పనిచేయడం లేదని తనిఖీలో తేలింది, కాబట్టి మరుగుదొడ్ల గురించి, జబ్బుల గురించి ప్రశ్న ఉత్పన్నం కాదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బల్లలు కూడా చరచలేదు. వెంటనే రోడ్ల గురించి ఇంకో ప్రశ్న మొదలైంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున అక్క నా బండి దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం ఇంకా ఉబ్బే ఉంది. చేతిలో పాత టిఫిన్ డబ్బా.

"పని దొరికింది" అంది. పల్సానా దాటాక ఒక షెడ్డు. ముందు గేటుకు తాళం ఉంటుంది, ఆడవాళ్ళు పక్క సందులోంచి పోవాలి. వాళ్ళ పేర్లు ఎక్కడా రాయరు. తనిఖీ వస్తే బట్టల తానుల వెనక గదిలో కూర్చోవాలి.

"దొడ్డి ఉందా?" అన్నాను.

అక్క నా వైపు చూసింది. "గీ మాట అడగకు. ఎవ్వరికి చెప్పకు. ఈసారి గిన పని వోతే మీ బావ బతకడు. ఒట్టెయ్యి."

అన్ని రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడింది అందుకే. నన్ను పలకరించడానికి కాదు, నా నోరు మూయించడానికి. అది కూడా నాకు తెలుస్తూనే ఉంది. అయినా వేడి గిన్నె మీంచి చెయ్యి చాచి ఆమె చేతిలో ఒట్టు వేశాను. ఆమె చెయ్యి ఉబ్బి మెత్తగా ఉంది, వేలితో నొక్కిన చోట గుంట అట్లాగే నిలబడింది. ఇంతలో ఆటో వచ్చింది. వెళ్ళి ఎక్కింది.

ఆ వారంలోనే ఎమ్మెల్యే నాకు ఫోన్ చేసింది. ఆమె మనిషి కాదు, ఆమే. హిందీలో మాట్లాడింది.

"మంత్రి చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. ఆడవాళ్ళు ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటారు. ఒక్క షెడ్డు పేరు చెప్పు నాకు, చాలు. సభలోనే నిలదీస్తాను. నీకు తెలియకుండా ఉండదు."

నాకు తెలుసు. సందు ఎటువైపు ఉందో తెలుసు. తానుల వెనక గది తెలుసు. ఆ షెడ్డులో కూర్చుని బుగ్గన లవంగం పెట్టుకుని దారం పట్టే మనిషి చెయ్యి ఎట్లా ఉందో తెలుసు. ఎదురుగా ఇడ్లీ కోసం నిలబడ్డవాళ్ళు నా ముఖం చూస్తున్నారు.

"లేరు బేన్" అన్నాను. "ఆడవాళ్ళు ఎవరూ పనిచేయడం లేదు."

"నిజంగానా?"

"నిజంగానే."

"నువ్వు కూడా భయపడిపోయావన్నమాట" అని ఫోన్ పెట్టేసింది.

నన్ను చాలామంది చాలా మాటలు అన్నారు. అన్నీ గుర్తున్నాయి, అన్నిటికీ నా దగ్గర జవాబు ఉంది. ఈ ఒక్క మాటకు జవాబు ఉండి కూడా చెప్పలేకపోయాను.