రెండో ఫొటో కోసం

నాకు శాలువా అంటే భయం. మా బొబ్బిలిలో ఈ మాట చెబితే నవ్వుతారు. ఇక్కడ రిటైరైనా, పిల్లాడు పదో తరగతి పాసైనా, ఏదో ఒక వంకతో ఎవరో ఒకరు శాలువా కప్పేస్తారు. నాకు కప్పింది పేలిన నక్షత్రాన్ని కనిపెట్టినందుకు. తీరా చూస్తే అది నక్షత్రం కాదు, దారిన పోతున్న ఓ రాయి.

నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిని. మా డాబా మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, దానికో కెమెరా ఉన్నాయి. ఈ పని చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది గానీ చేయడానికి పరమ విసుగు. చీకటి పడగానే దూరపు గెలాక్సీలను వరసగా ఫొటో తీయాలి. పొద్దున్నే ఒక్కో ఫొటోనీ అదే గెలాక్సీ పాత ఫొటోతో పోల్చి, అప్పుడు లేని చుక్క ఇప్పుడేమైనా వచ్చిందా అని చూడాలి. వస్తే అక్కడ ఓ నక్షత్రం పేలిపోయినట్టు. దాన్నే సూపర్నోవా అంటారు. పన్నెండేళ్ళు చూశాను. ఒకసారి చుక్క కనబడింది. కనబడిన వెంటనే, అది మధ్యలో అడ్డొచ్చిన రాయేమోనని, తెలిసిన గ్రహశకలాల జాబితాలో వెతకాలి. సంబరంలో ఆ పని మానేసి విలేకరికి ఫోన్ చేశాను. మర్నాడు పేపర్లో వార్త, ఆ మర్నాడు సన్మానం, బస్ కాంప్లెక్స్ దగ్గర నా మొహంతో ఫ్లెక్సీ. నాలుగో రోజుకి చుక్క పక్కకి జరిగింది. పేలిన నక్షత్రం ఎక్కడికీ జరగదు. ఫ్లెక్సీని మాత్రం నెలన్నర దాకా ఎవరూ విప్పలేదు. బస్సు దిగిన ప్రతిసారీ తల వంచుకుని ఇంటికొచ్చేవాణ్ణి.

ఆ తర్వాత కూడా ఎందుకు మానలేదంటే, అలవాటు. ఈలోగా కళ్ళకి శుక్లాలు మొదలయ్యాయి. రెండు ఫొటోల మధ్య తేడా తెలియడం మానేసింది. అప్పుడు మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. పాతపట్నం వైపు మా మేనత్త కూతురు, పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూనే తెరకేసి చూసేది. "ఇది పాతదే. ఇదీ పాతదే. తిప్పు, తిప్పు" అనేది. నాకంటే మూడింతలు వేగం. నేను మాత్రం ఆవిడ చూసినవన్నీ మళ్ళీ ఒకసారి చూసేవాణ్ణి. నా దృష్టిలో ఆవిడది సాయం, నాది పని.

నవంబరులో ఓ పొద్దున ఆవిడ చేట కింద పెట్టింది.

"బావా, ఆగు. ఈ మూల సూడు. ఇక్కడ సుక్కున్నాది. పాతదాన్లో నేదు."

నాకు కనబడలేదు. పెద్దది చేసి చూస్తే కనబడింది. గెలాక్సీ అంచున, గసగసాల గింజంత. ముందురాత్రి తీసిన ఆరు ఫొటోల్లోనూ అక్కడే ఉంది, కాబట్టి కెమెరా లోపం కాదు. ఈసారి జాబితా వెతికాను. ఒకటికి మూడుసార్లు. అక్కడ ఏ గ్రహశకలమూ లేదు.

"మరింకేటి? పంపీ" అంది.

ఇలాంటి కొత్త చుక్కల్ని పంపడానికి ప్రపంచమంతటికీ ఒక వెబ్‌సైటు ఉంది. అయిదు నిమిషాల పని. ముందు పంపినవాళ్ళ పేరే కనిపెట్టినవాళ్ళుగా నిలిచిపోతుంది. చూసింది ఆవిడ కాబట్టి ఆ పేరు ఆవిడదే కావాలి. అదంతా నాకు తెలుసు. తెలిసే, "రెండో రోజు కూడా ఫొటో తీయాలి. చుక్క అక్కడే ఉంటే అప్పుడు పంపుదాం" అన్నాను. ఆవిడ చేట తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రానికి బంగాళాఖాతంలో అల్పపీడనం. మబ్బు. మర్నాడూ మబ్బే. సాయంత్రం ఏడు గంటలప్పుడు ఆవిడ డాబా మీంచి కేక వేసింది. "బావా, మబ్బు ఇడిపోనాది! బేగి రా!"

నేను కుర్చీలోంచి లేవలేదు. గాలిలో తేమ ఉంది, టెలిస్కోపు అద్దం పాడైపోతుందన్నాను. అబద్ధం. ఇంతకంటే తేమలో ఎన్నోసార్లు తీశాను. చుక్క అక్కడ లేకపోతే పరువు పోతుందని భయం. ఉంటే మళ్ళీ నలుగురికీ చెప్పాలని ఇంకా పెద్ద భయం. ఆవిడ అలాగే కాసేపు పైన నిలబడింది. ఎనిమిదికల్లా మళ్ళీ మూసుకుపోయింది, వాన మొదలైంది.

మూడో నాడు పొద్దున వెబ్‌సైటు తెరిచాను. మన చుక్క అక్కడ ఉంది. వేరే ఖండంలో ఎవరో ముందురోజే పంపేశారు. అంటే వాళ్ళు పంపడానికి ఒక రోజు ముందే మేము చూశాం. వారం తిరక్కుండా ఒక పెద్ద టెలిస్కోపుతో దాని వెలుగును విడదీసి చూసి, నిజంగానే పేలిన నక్షత్రమని తేల్చారు. ఆ వెలుగు కోట్ల ఏళ్ళు నడిచి వస్తే, నేను రెండు రోజులు అడ్డంపడ్డాను.

ఆవిడకి చెప్పడానికి రెండు పూటలు పట్టింది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను.

"నాను సూపించిందేనా?"

"అదే."

"అయితే ఆ పొద్దున్నే పంపీసుంటే పేరెవురిది పడును?"

"నీది."

పొయ్యి మంట తగ్గించింది. "మబ్బులు మబ్బులని సెప్పకు బావా. నువ్వు నన్ను నమ్మనేదు" అంది. కోపంగా కూడా అనలేదు.

తర్వాత మా ఫొటోలు వెబ్‌సైటు వాళ్ళకి పంపించాను. పేలుడు మొదలయ్యాక అంత తొందరగా ఇంకెవరూ ఫొటో తీయలేదట, పనికొస్తాయన్నారు. చూసినవాళ్ళ పేరు రాయాల్సిన చోట ఆవిడ పేరే రాశాను. లాప్‌టాప్ వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించాను. చెయ్యి తుడుచుకుని వంగి చదువుకుంది. తన పేరు మీద కాసేపు వేలు పెట్టి ఉంచింది.

"ఇప్పుడు నమ్మినావా?" అంది.

అవునన్నాను.

"ఆల్లు సెప్పాక" అంది. అని కూర కలపడానికి అటు తిరిగింది.